నాలుగు గోడల నడుమ నాదం

శబ్దం ఆకాశగుణమని ప్రాచీన భారతీయ తార్కికులు నిర్ణయించారు. పుట్టినచోటి నుండి అది చెవిదాకా ఎట్లా చేరుతుందన్న ప్రశ్నకు వారు రెండు ఉపమానాలు చెప్పారు. మొదటిది వీచీతరంగ న్యాయం. కొలనులో రాయి పడినప్పుడు ఒక అల మరొక అలను పుట్టిస్తూ ఒడ్డును తాకినట్లు శబ్దం క్రమంగా వ్యాపిస్తుందని దీని భావం. రెండవది కదంబముకుళ న్యాయం. కడిమి పూమొగ్గ నుండి కేసరాలు అన్ని దిక్కులకూ ఒక్కసారిగా విచ్చుకున్నట్లు శబ్దం నలుదెసలా ప్రసరిస్తుందని దీని తాత్పర్యం. ఆధునిక భౌతికశాస్త్రం ఆకాశానికి బదులు గాలిని ధ్వనికి యానకంగా గుర్తించింది. అయినా అల, పూమొగ్గ అనే ఆ రెండు పోలికలకూ నేటికీ ఉపయోగం తీరలేదు. చిన్న గదిలో పాటను ముద్రించుకొనే వారికి ఎదురయ్యే ఒక చిక్కు సమస్యను విప్పడానికి అవి ఎంతగానో తోడ్పడతాయి.

ఒకప్పుడు పాటను ముద్రించడమంటే మద్రాసుకో హైదరాబాదుకో ప్రయాణం కట్టవలసిందే. లేదా ఆకాశవాణి కేంద్రం పిలుపు కోసం ఎదురుచూడవలసిందే. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం ఏర్పడిన తరువాత రాయలసీమ గాయకులకూ, జానపద కళాకారులకూ తమ ప్రాంతంలోనే ఒక వేదిక లభించింది. నేడు ఒక కంప్యూటరు, ఒక మైకు, రెండు స్పీకర్లు ఉంటే చాలు, ఇంటిలోని ఒక గదే స్టూడియోగా మారుతున్నది. కడపలోని అమీన్ పీర్ దర్గాను భక్తితో దర్శించే సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ చెన్నైలో తన ఇంటి ఆవరణలోనే స్టూడియోను నిర్మించుకొన్నారు. 1992లో విడుదలైన ‘రోజా’ చిత్రం ద్వారా ఆయన పేరు దేశమంతటా మారుమోగింది. ఇంటి స్టూడియో అనేది తక్కువగా చూడవలసిన విషయం కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే పరికరాలు కొన్నంత మాత్రాన స్టూడియో సిద్ధించదు. ఒక గదిలో ఎంతో శ్రద్ధతో కూర్చిన చెక్కభజన పాటను మరునాడు మిత్రుని ఇంట్లో వింటే తప్పెట మోత నీరసంగా వినిపించవచ్చు. ఉరుము వాద్యపు గంభీరనాదం ఒకచోట గదిని ముంచెత్తి, మరొకచోట వెదికినా దొరకకపోవచ్చు. పాటలో మార్పు లేదు, వాద్యకారుడు మారలేదు. మారినది గది ఒక్కటే. కనుక గది కూడా ఒక వాద్యమే అని మొదట గుర్తించాలి.

లేఖకుని దోషం వంటిది గది దోషం

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పండితుల చేత వాటిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. ఒక కావ్యానికి అనేక ప్రతులు ఉన్నప్పుడు లేఖకుల అశ్రద్ధ వలన పాఠభేదాలు ఏర్పడతాయి. ఒక లేఖకుడు ఒక అక్షరాన్ని వదలివేస్తాడు, మరొకడు లేనిదానిని చేరుస్తాడు. పరిష్కర్త పని ఆ దోషాలను గుర్తించి కవి హృదయాన్ని కనుగొనడం.

స్టూడియోలో స్పీకర్ల ముందు కూర్చొని పాటను సరిచేసే వ్యక్తి కూడా ఒక పరిష్కర్తయే. అతనికి వినిపించేది స్పీకరు పలికిన పాట ఒక్కటే కాదు, గది దానికి చేర్చిన పాఠభేదాలు కూడ. గది మంద్రస్వరాలను అధికం చేసి వినిపిస్తే, అవి ఎక్కువయ్యాయని భ్రమించి అతడు తగ్గిస్తాడు. ఆ పాట మరొకచోట పేలవమవుతుంది. గది మంద్రస్వరాలను మింగివేస్తే, అవి లేవని భ్రమించి అతడు పెంచుతాడు. ఆ పాట మరొకచోట చెవులను బాదుతుంది. రెండు సందర్భాలలోనూ అతని చెవి దోషరహితమే, శ్రద్ధా దోషరహితమే. అతడు చదివిన ప్రతి మాత్రం దోషభూయిష్ఠం.

మంద్రధ్వని పొడవు

మన సంగీతశాస్త్రం స్వరాలను మంద్ర, మధ్య, తార స్థాయులుగా విభజించింది. సెకనుకు జరిగే కంపనాల సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దానిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. కంపనాల సంఖ్య తక్కువైతే స్వరం మంద్రంగా, ఎక్కువైతే తారంగా ఉంటుంది. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వినవచ్చే రొద ప్రధానంగా 100 హెర్ట్జ్ ధ్వని. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఆ రొద దానికి రెట్టింపు.

సుమారు 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో ధ్వని గాలిలో సెకనుకు 350 మీటర్ల వేగంతో పయనిస్తుంది. ఈ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే ఒక అల పొడవు, అంటే తరంగదైర్ఘ్యం, తెలుస్తుంది. 10,000 హెర్ట్జ్ ధ్వనికి అల పొడవు 3.5 సెంటీమీటర్లు. 1,000 హెర్ట్జ్‌కు 35 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్‌కు 3.5 మీటర్లు. 50 హెర్ట్జ్‌కు 7 మీటర్లు, అంటే దాదాపు 23 అడుగులు. సామాన్యుల ఇండ్లలో 23 అడుగుల గది ఎక్కడిది? మంద్రధ్వని ఒక్క అల కూడా పూర్తిగా పట్టని ఇరుకులో చిక్కుకొంటుంది. సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

స్పీకరు కంటె అల పొడవు చిన్నదైనప్పుడు ధ్వని టార్చిలైటు వెలుగు వలె ఎదురుగా సాగుతుంది. అల పొడవు స్పీకరు కంటె చాలా పెద్దదైనప్పుడు అది కదంబముకుళం వలె ముందుకూ, వెనుకకూ, పక్కలకూ సమానంగా విచ్చుకుంటుంది. అందుచేత స్పీకరును శ్రోత వైపు తిప్పినంత మాత్రాన మంద్రధ్వని అతని వైపే రాదు. అది ముందుగా వెనుక గోడను తాకి, మూలల్లో చేరి, తిరిగి వస్తుంది. దూరాన పెండ్లి ఊరేగింపు సాగుతున్నప్పుడు సన్నాయి వినబడకముందే డోలు మోత వినవస్తుంది. అడ్డంకులను చుట్టి రాగల శక్తి, గోడలను దాటి రాగల శక్తి మంద్రధ్వనికి ఎక్కువ కావడమే దీనికి ఒక ముఖ్య కారణం.

గదికీ ఒక శ్రుతి

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల సమీపంలోని బెలుం గుహలు ప్రకృతి మలచిన అద్భుత నిర్మాణాలు. 3,229 మీటర్ల పొడవైన ఈ గుహలలో ‘సప్తస్వరాల గుహ’ అనే భాగం 2006లో సందర్శకులకు అందుబాటులోకి వచ్చింది. అక్కడి సున్నపురాతి ఆకృతులను తట్టినప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరాన్ని పలుకుతుంది. పొడవు, మందం, బరువు వేరుకావడం వలన వాటి సహజ పౌనఃపున్యాలు కూడా వేరయ్యాయి. ప్రతి వస్తువుకూ ఇటువంటి సహజ పౌనఃపున్యం ఉంటుంది. దానికి సరిపోయే లయలో ప్రేరణ అందితే కంపనం విజృంభిస్తుంది. ఊయల ఊగే వేళను గమనించి తోస్తే చిన్న బలంతోనే అది ఎత్తుకు చేరుతుంది. దీనినే అనునాదం అంటారు.

గదిలోని గాలికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల నడుమ ధ్వని ఇటూ అటూ తిరుగుతుంది. గోడల మధ్య దూరానికి రెట్టింపు ఒక అల పొడవుకు సమానమైనప్పుడు, పోయే అలా వచ్చే అలా కలిసి స్థిర తరంగంగా నిలుస్తాయి. ఆ స్వరం వద్ద గది స్వయంగా పాడడం మొదలుపెడుతుంది.

కర్నూలు పట్టణంలో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని ఉదాహరణగా తీసుకొందాం. పొడవు 12 అడుగులు కనుక 24 అడుగుల అల అందులో స్థిరపడుతుంది. దాని పౌనఃపున్యం సుమారు 48 హెర్ట్జ్. వెడల్పు 10 అడుగులు కనుక 20 అడుగుల అల స్థిరపడుతుంది. అది సుమారు 57 హెర్ట్జ్. ఎత్తు కూడా 10 అడుగులే కావడంతో అదే 57 హెర్ట్జ్ మరొక దిశలో పునరావృతమవుతుంది. ఒకే స్వరానికి రెండు దిశలు బలం చేకూరుస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన గది సంగీతానికి అన్నిటికంటె ప్రతికూలమని శాస్త్రజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. మూడు కొలతలూ భిన్నంగా ఉంటే అనునాదాలు వేర్వేరు స్వరాలకు పంచబడి, ఏ ఒక్కటీ మితిమీరదు. గదిని ఎంచుకొనే అవకాశం ఉన్నవారు ఈ సూత్రాన్ని మొదటే పాటించాలి.

స్థిర తరంగంలో మరొక విశేషం ఉంది. గోడల దగ్గర గాలి కదలలేదు కాబట్టి అక్కడ ఒత్తిడి హెచ్చుగా ఉంటుంది. రెండు గోడలకూ సరిగ్గా మధ్యన ఒత్తిడిలో మార్పు దాదాపు శూన్యం. మన చెవి గ్రహించేది ఒత్తిడిలోని మార్పునే. కాబట్టి పై గదిలో పొడవుకు సరిగ్గా మధ్యలో కూర్చున్న వ్యక్తికి 48 హెర్ట్జ్ స్వరం వినబడీ వినబడనట్లుంటుంది. గోడకు ఆనుకొన్న వ్యక్తికి అదే స్వరం భరింపరానంతగా వినిపిస్తుంది. ఒకే గదిలో, ఒకే క్షణంలో, ఇద్దరు శ్రోతలు రెండు వేర్వేరు పాటలు వింటున్నారని చెప్పినా అతిశయోక్తి కాదు.

బండల నేల, బరువైన గోడ

కడప, కర్నూలు ప్రాంతాల ఇండ్లకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఈ నేల కడుపులో సున్నపురాయి సమృద్ధిగా లభిస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి శిలలకు కడప, కర్నూలు పేర్లనే పెట్టారు. కడప బండ నల్లని నునుపుతో ఇంటి నేలగా, అలమర పలకగా, వంటగట్టుగా దక్షిణదేశమంతటా ప్రసిద్ధి పొందింది. బేతంచెర్ల బండలు కూడ అటువంటివే. రాతిగోడ లేదా ఇటుకగోడ, దానిపై సిమెంటు పూత, కింద బండలు, పైన కాంక్రీటు కప్పు. ఎండ తీవ్రతనూ, కాలప్రవాహాన్నీ తట్టుకొనే ఈ ఇల్లు ధ్వనికి మాత్రం అద్దాల మేడ వంటిది. తాకిన ధ్వనిలో అత్యధిక భాగాన్ని అది తిప్పి పంపుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. స్టూడియో నిర్మాణం గురించిన పాశ్చాత్య గ్రంథాలలోని సలహాలు చాలావరకు చెక్క చట్రాలపై పలుచని జిప్సం పలకలు బిగించిన గోడలను దృష్టిలో ఉంచుకొని రాసినవి. అటువంటి గోడ మంద్రధ్వని తాకిడికి కొద్దిగా కంపిస్తుంది. ఆ కంపనంలో కొంత శక్తి హరించుకుపోతుంది, మరికొంత గోడను దాటి బయటికి పోతుంది. రాతిగోడ చలించదు. మంద్రధ్వనికి బయటికి దారి దొరకక లోపలే తిరుగాడుతుంది. కాబట్టి పరదేశపు గదికి చాలిన చికిత్స రాయలసీమ గదికి చాలకపోవచ్చు. దేశకాలాలను ఎరిగి వైద్యం చేయాలన్న ఆయుర్వేద సూత్రం ఇక్కడ కూడ శిరోధార్యం.

స్పీకర్లను ఎక్కడ ఉంచాలి?

సమస్య స్వరూపం తెలిసింది కనుక పరిష్కారాన్ని క్రమంగా పరిశీలించవచ్చు. పైసా ఖర్చులేని చికిత్స స్థాననిర్ణయం. అందువలన అదే మొదట చేయాలి.

చాలామంది స్థలం కలిసివస్తుందని స్పీకర్లను గది మూలల్లో పెడతారు. స్పీకరు ఒక గోడకు దగ్గరైతే మంద్రధ్వని ఒత్తిడి దాదాపు రెట్టింపు కాగలదు. డెసిబెల్ లెక్కలో ఇది 6. మూలలో రెండు గోడలు, ఒక నేల కలిసి సిద్ధాంతరీత్యా 18 డెసిబెల్‌ల వరకు పెంచగలవు. పైగా గదిలోని ప్రతి స్థిర తరంగానికీ మూల ఒత్తిడి స్థానమే. అక్కడ పెట్టిన స్పీకరు గది అనునాదాలన్నిటినీ ఏకకాలంలో మేల్కొలుపుతుంది. మోత ఎక్కువైనది కాబట్టి నాణ్యత పెరిగిందని భ్రమపడరాదు.

గోడకు దూరంగా జరిపితే మరొక చిక్కు వస్తుంది. వెనుకకు విచ్చుకున్న మంద్రధ్వని గోడను తాకి ఆలస్యంగా తిరిగి వస్తుంది. స్పీకరుకూ గోడకూ మధ్య దూరం ఒక అల పొడవులో నాలుగవ వంతు అయితే, పోయివచ్చే దారి సగం అల అవుతుంది. అప్పుడు నేరుగా వచ్చే ధ్వని పైకి లేచే వేళ తిరిగి వచ్చే ధ్వని కిందికి వంగుతుంది. ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. దీనిని వినాశక వ్యతికరణం అంటారు. ఒక మీటరు దూరంలో ఉన్న స్పీకరుకు ఈ లోపం సుమారు 88 హెర్ట్జ్ వద్ద ఏర్పడుతుంది. పురుష కంఠపు కింది స్వరాలూ, పెద్ద చర్మవాద్యాల నాదమూ సంచరించే తావు అది. దూరం తగ్గితే లోపం పైస్థాయికి జరుగుతుంది. అక్కడ ధ్వని వెనుకకు వ్యాపించడం తగ్గుతుంది, గోడపై పరచిన మెత్తకు లొంగడమూ సులభమవుతుంది. కనుక చిన్న గదిలో స్పీకరు వీపును ముందు గోడకు చేరువగా ఉంచి, పెరిగిన మంద్రాన్ని స్పీకరు వెనుక ఉండే మీటతో తగ్గించుకోవడం మేలు. స్పీకరు వెనుకభాగంలో గాలి రంధ్రం ఉన్నట్లయితే దానికి ఊపిరాడేంత ఎడం విడువాలి.

పై ఉదాహరణలోని గదిలో స్పీకర్లను 10 అడుగుల పొట్టి గోడ దగ్గర ఉంచి, అవి 12 అడుగుల పొడవు వెంట పలికేట్లు అమర్చాలి. అప్పుడు శ్రోత వీపు వెనుక గోడకు దూరంగా ఉంటుంది. శ్రోత స్థానం ముందు గోడ నుండి పొడవులో సుమారు 38 శాతం దూరాన, అంటే నాలుగున్నర అడుగుల వద్ద ఉండడం మంచి ప్రారంభం. సరిగ్గా సగం దూరంలో మొదటి స్థిర తరంగం మూగబోతుంది. పావు దూరంలో రెండవది మూగబోతుంది. 38 శాతం ఈ రెంటికీ నడుమ ఉన్న తావు. అయితే ఇది శిలాశాసనం కాదు. కొన్ని అంగుళాలు ముందుకూ వెనుకకూ జరిగి చెవితో నిర్ధారించుకోవాలి.

రెండు స్పీకర్లూ, శ్రోత శిరస్సూ కలిసి సమబాహు త్రిభుజం కావాలి. స్పీకర్ల ముఖాలు ముందు గోడకు ఒక అడుగు ఎడంలో ఉన్నాయనుకొంటే శ్రోతకు మిగిలిన దూరం మూడున్నర అడుగులు. అప్పుడు త్రిభుజపు భుజం సుమారు నాలుగు అడుగులు. స్పీకర్ల మధ్య నాలుగడుగులు, ఇరుపక్కల గోడలకు మూడేసి అడుగులు మిగులుతాయి. ఎడమా కుడీ సమానంగా లేకపోతే గాయకుని కంఠం ఒక పక్కకు ఒరిగినట్లు వినిపిస్తుంది. తారస్వరాలు పలికే చిన్న గుండ్రటి భాగం చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్లను బల్లపై నేరుగా కాక బరువైన పీఠంపై, నడుమ రబ్బరు మెత్త వేసి ఉంచితే బల్ల కంపించదు.

ధ్వనిని పీల్చే పత్తి

స్థానం సరిచేసినా గది అనునాదం నశించదు. వెడల్పు విషయంలో సమతుల్యత కోసం శ్రోత సరిగ్గా నడిమధ్యనే కూర్చోక తప్పదు కనుక అక్కడి లోపం కొంత మిగిలే ఉంటుంది. మిగిలిన శక్తిని హరించడానికి శోషణం అవసరం.

ఈ శాస్త్రానికి పునాది వేసినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు వాలెస్ సాబిన్. 1895లో ఆ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ ఉపన్యాసశాలలో మాటలు అర్థం కాకుండా పోతున్నాయన్న సమస్య ఆయనకు అప్పగించబడింది. అక్కడ ఒక మాట దాదాపు ఐదున్నర సెకన్లు మోగుతూ ఉండేది. సాబిన్ రాత్రివేళల్లో, నగరం నిద్రించిన తరువాత, సమీపంలోని నాటకశాల నుండి కుర్చీల మెత్తలను తెప్పించి, ఎన్ని మెత్తలకు ఎంత మోత తగ్గుతుందో కొలిచాడు. గది ఘనపరిమాణానికీ, శోషణానికీ, మోత నిలిచే కాలానికీ గల సంబంధాన్ని సూత్రీకరించాడు. తెరచిన కిటికీని ఆయన శోషణానికి ప్రమాణంగా తీసుకొన్నాడు. కిటికీ గుండా బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు కదా!

మెత్త ఎట్లా పనిచేస్తుంది? దూదిపోగుల సందుల్లో గాలి కదలినప్పుడు రాపిడి కలిగి, ధ్వనిశక్తి స్వల్పమైన ఉష్ణంగా మారుతుంది. అయితే గాలి కదలినప్పుడే ఈ పని జరుగుతుంది. గోడను ఆనుకొన్న చోట గాలి కదలదని పైన చెప్పుకొన్నాం. గోడ నుండి అల పొడవులో నాలుగవ వంతు దూరాన గాలి అన్నిటికంటె వేగంగా కదులుతుంది. 1,000 హెర్ట్జ్ ధ్వనికి ఆ దూరం 9 సెంటీమీటర్లు కూడ లేదు. 50 హెర్ట్జ్ ధ్వనికి అది 1.75 మీటర్లు. ఈ లెక్క ఒక్కటి తెలిస్తే కోడిగుడ్ల అట్టలను గోడకు అతికించి స్టూడియో అయిందని సంతోషించేవారి భ్రాంతి తొలగిపోతుంది. పలుచని అట్టలు, అంగుళం మందం గల నురుగు పలకలు తారస్వరాలను మాత్రమే తగ్గిస్తాయి. ఫలితంగా గది మరింత మబ్బుగా, మంద్రం మరింత ఎక్కువైనట్లుగా తోస్తుంది.

మంద్రధ్వనికి మందమైన శోషకం కావాలి. అది మూలల్లో ఉండాలి. ఎందుకంటే అన్ని దిశల అలలూ మూలల్లో కలుస్తాయి. నేల నుండి కప్పు వరకు అడుగుకు పైగా మందంతో రాక్‌వూల్ వంటి పీచు పదార్థాన్ని చట్రంలో నింపి, గాలి చొరబడే వస్త్రం కప్పి, మూలలో నిలబెట్టడం సాధారణ పద్ధతి. కర్నూలు జిల్లా ఆదోని పత్తి వ్యాపారానికి పేరుగాంచిన పట్టణం. పత్తి కూడ చక్కని శోషకమే. పాత పరుపులు, బొంతలు మూలల్లో చుట్టి నిలిపినా కొంత ఉపశమనం లభిస్తుంది. పత్తికి అగ్నిభయం, చెమ్మభయం, పురుగుభయం మూడూ ఉన్నాయి కనుక విద్యుత్ తీగలకు దూరంగా ఉంచి, ఏటేటా ఎండబెట్టడం మరువరాదు. పక్క గోడలపై కూడ మెత్త అవసరం. ఒకరు శ్రోత స్థానంలో కూర్చొని, మరొకరు గోడ వెంబడి అద్దాన్ని జరుపుతుండగా, ఏ తావున అద్దంలో స్పీకరు కనబడుతుందో అక్కడ నాలుగంగుళాల మందంతో మెత్త అమర్చాలి. గోడకూ దానికీ మధ్య నాలుగంగుళాల ఎడం విడిస్తే దాని శక్తి మరింత కింది స్వరాలకు విస్తరిస్తుంది.

ఒకే స్వరం బాధించేచోట మరొక ఉపాయం ఉంది. ఖాళీ కుండ మూతి వద్ద ఊదితే అది ఒక స్వరాన్ని పలుకుతుంది. మెడలోని గాలి బరువుగా, కడుపులోని గాలి స్ప్రింగుగా పనిచేయడమే కారణం. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో దీనిని వివరించాడు. మధ్యయుగంలో ఐరోపాలోని కొన్ని ప్రార్థనాలయాల గోడల్లో మట్టికుండలు పొదిగేవారు. రేడియో స్టూడియోల గోడలకు కనబడే చిల్లుల పలకలు కూడ ఈ జాతివే. ప్రతి చిల్లూ ఒక మెడ, పలక వెనుక ఖాళీ దాని కడుపు.

చెవి చేసే పరీక్ష

ఖరీదైన కొలత పరికరాలు లేకున్నా గదిని పరీక్షించవచ్చు. కీబోర్డులో అతి మంద్రమైన స్వరాల నుండి ఒక్కొక్కటే ఒకే బలంతో పలికిస్తూ వినాలి. ఏ స్వరం ఉబుకుతున్నదో, ఏది అణగిపోతున్నదో రాసుకోవాలి. తరువాత ఒక మంద్రస్వరాన్ని నిలిపి, గదిలో ఈ గోడ నుండి ఆ గోడకు నెమ్మదిగా నడవాలి. గోడల దగ్గర పెరిగి, నడుమ తగ్గే ఆ స్వరమే స్థిర తరంగానికి ప్రత్యక్ష సాక్ష్యం.

కొందరు కంప్యూటరులోని ఈక్వలైజరుతో గది లోపాన్ని సరిదిద్దబోతారు. ఉబికిన స్వరాన్ని అది కొంత తగ్గించగలదు. రద్దయిన స్వరాన్ని మాత్రం నింపలేదు. నేరుగా వచ్చే ధ్వనిని పెంచితే దానిని రద్దుచేసే ప్రతిఫలిత ధ్వని కూడ అంతే పెరుగుతుంది. పగిలిన కుండలో ఎన్ని బిందెలు పోసినా నిలువదు. ధ్వనిబలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. బలం తగ్గినకొద్దీ చెవి మంద్రస్వరాలను ఇతర స్వరాలకంటె తక్కువగా గ్రహిస్తుందని 1933లో ఫ్లెచర్, మున్సన్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. కాబట్టి పాటను ఎల్లప్పుడూ ఒకే నిర్ణీత బలంతో సరిచేయాలి. పూర్తయిన పాటను ఇయర్‌ఫోన్లలో, సెల్‌ఫోనులో, మిత్రుల ఇంట్లో విని పోల్చుకోవాలి. అనేక ప్రతులను పోల్చి చూసే పరిష్కర్త పద్ధతి ఇదే.

నాదాన్ని నిలుపుకొనే బాధ్యత

రాయలసీమ పల్లెల్లో కోలాటం, చెక్కభజన, పండరిభజన, గుమ్మెట వాద్యంతో సాగే కథాగానం తరతరాలుగా నోటి నుండి నోటికి వచ్చిన సంపద. ఈ కళల్లో ఎన్నో వృద్ధుల కంఠాల్లో మాత్రమే మిగిలి ఉన్నాయి. కరవు నేలలో పుట్టి, ఆకలిని లయతో జోకొట్టిన ఆ పాటలకు రాతప్రతులు లేవు. ఇంటి స్టూడియోలో ఒక యువకుడు లేదా యువతి నేడు ముద్రించే ధ్వనియే రేపటి తాళపత్రం. ఆ పాడిన పెద్దలు లేని కాలంలో మరల పాడించి సరిదిద్దుకోవడానికి వీలుండదు. ఉరుము వాద్యంలోని ఉరుము, గుమ్మెటలోని గుండెచప్పుడు యథాతథంగా నిలవాలంటే, వాటిని వినే గది నిజం చెప్పాలి.

దానికి సంపన్నుల భవనం అక్కరలేదు. కొలబద్ద ఒకటి, అద్దం ఒకటి, మూలల్లో నింపడానికి పత్తి, అన్నిటికీ మించి ఓపికతో వినే చెవి చాలు. ఆదోని చేలల్లో పండిన పత్తి కడప బండల ఇంటిలో పాట కోసం కాపలా నిలవడం ఈ నేలకు తగిన పనే. శాస్త్రజ్ఞానం స్థానిక జీవనంతో ముడిపడినప్పుడే అది సమాజానికి ఉపకరిస్తుంది. సంగీతాభిలాష గల విద్యార్థులు తాము కూర్చున్న గదిని మొదట వినడం నేర్చుకోవాలి. గది దోషాన్ని గుర్తెరిగినవాడే పాటలోని గుణాన్ని పదిలపరచగలడు.